పుట్టుకలో బక్కచిక్కి.. బడి ఈడులో బరువెక్కి!

లేత వయసులోనే గుండెకు ముప్పు సంకేతాలు

పాతపట్నం: సాయంత్రం చివరి గంట మోగగానే బడి పిల్లల అడుగులు ఇంటికన్నా ముందు దుకాణాల వైపు పడుతున్నాయి. తోరణాల్లా వేలాడే ఐదు రూపాయల చిప్స్ పొట్లాలు, పది రూపాయల కూల్‌డ్రింక్ సీసాలు, వీధి మలుపులో నూడుల్స్ బండి వారిని పిలుస్తున్నాయి. ఒడిశా సరిహద్దున పర్లాకిమిడికి కూతవేటు దూరంలో ఉన్న ఈ పట్టణంలో ఒకప్పుడు పొద్దుటిపూట చోడి అంబలి తాగి బడికి వెళ్లేవారు. ఆ చోడినే 2023లో ప్రభుత్వం రాగిజావ పేరుతో బడి భోజనంలో చేర్చవలసి వచ్చింది. ఇంట్లో మానేసిన తిండిని బడిలో మందులా తాగించవలసి రావడం మారిన కాలానికి గుర్తు.

పిల్లల స్థూలకాయం నగరాల్లోని సంపన్నుల సమస్య అన్న అభిప్రాయం శ్రీకాకుళం జిల్లాలో ఇంకా బలంగానే ఉంది. అంకెలు వేరే మాట చెబుతున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు ఉన్నవారు 2015-16లో 1.2 శాతం కాగా, 2019-21 నాటికి 2.7 శాతానికి చేరారు. అదే సర్వేలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 31.2 శాతం. అంటే పాత ఆకలి పోకముందే కొత్త జబ్బు ఇంట్లో అడుగుపెట్టింది. ప్రపంచవ్యాప్తంగానూ 5-19 ఏళ్ల వారిలో తక్కువ బరువు ఉన్నవారిని (9.2 శాతం) స్థూలకాయులు (9.4 శాతం) తొలిసారి మించిపోయారని 2025 సెప్టెంబరులో యునిసెఫ్ ప్రకటించింది.

లావుగా కనిపించే పిల్లల లెక్కతోనే ముప్పును కొలవడం పొరపాటు. కేంద్ర ఆరోగ్యశాఖ 2016-18లో జరిపిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 5-9 ఏళ్ల పిల్లల్లో అధిక బరువున్నవారు కేవలం 4 శాతం. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు మితిమీరి ఉన్నవారు మాత్రం 34 శాతం! 5-19 ఏళ్ల వారిలో పదింట ఒకరికి మధుమేహం ముందు దశ కనిపించింది. కౌమారంలో ఉన్నవారిలో 5 శాతం మందికి రక్తపోటు ఉంది. చూడటానికి సన్నగా ఉన్న పిల్లల్లోనూ నెత్తురు చిక్కబడుతోందన్న మాట పల్లె భాషలో చెప్పుకోవచ్చు. పాలిష్ పట్టిన తెల్లన్నం మూడుపూటలా తిని, పైన తీపి పానీయాలు తాగితే ఖర్చుకాని పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మారుస్తుంది. ఆటలు తగ్గి సెల్‌ఫోన్ చేతికొచ్చాక ఖర్చు మరింత తగ్గింది.

గుండెజబ్బు ముసలితనంలో మొదలు కాదని వైద్యులకు ఏడు దశాబ్దాలుగా తెలుసు. కొరియా యుద్ధంలో మరణించిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను పరీక్షించగా 77 శాతం మంది రక్తనాళాల్లో వ్యాధి ఆనవాళ్లు కనిపించాయని 1953లో వెల్లడైంది. వారి సగటు వయసు 22 ఏళ్లు.

తల్లి కడుపులోనే పునాది

ఈ చర్చలో తెలుగు పల్లెలకు ప్రత్యేక స్థానం ఉంది. పుణెలో జరిగిన పరిశోధన ఒకటి మన శిశువుల తీరును ముందే పట్టించింది. అక్కడి పల్లెల్లో పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, బ్రిటన్ బిడ్డలది 3.5 కిలోలు. కండ, ఎత్తు తక్కువే అయినా చర్మం కింద కొవ్వు మాత్రం దాదాపు సమానం. ఇలా పుట్టినవారు తర్వాత త్వరగా బరువు పెరిగితే ఇన్సులిన్ సరిగా పనిచేయదు.

దీనికి విరుగుడు ఉందా? 1987-90 మధ్య హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో జరిగిన ప్రయత్నం దీనికి జవాబు ఇచ్చింది. కొన్ని గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీల ద్వారా అనుబంధ పోషకాహారం అందింది. మిగిలిన గ్రామాలకు అప్పటికి ఆ పథకం రాలేదు. ఆ కాలంలో పుట్టిన 1,165 మందిని 13-18 ఏళ్ల వయసులో మళ్లీ పరీక్షించారు. తిండి అందిన గ్రామాల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువ, రక్తనాళాలు మరింత మెత్తగా ఉన్నాయి. రక్తపోటులో, కొలెస్ట్రాల్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన ఈ ఫలితాలు పాతపట్నం వంటి చోట్లకు ఎంతో విలువైనవి. పిల్లలు లావెక్కుతున్నారన్న సాకుతో అంగన్‌వాడీ గుడ్డుకో, బడి భోజనానికో కోత పెట్టాలనే వాదన ఎంత తప్పో అవి రుజువు చేస్తున్నాయి. కోత పడవలసింది పొట్లానికి, పళ్లేనికి కాదు.

మెడ నలుపు మురికి కాదు

ముప్పును పసిగట్టేందుకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. నడుము చుట్టుకొలత ఎత్తులో సగం దాటకూడదు. 54 అంగుళాల ఎత్తున్న బాలుడి నడుము 27 అంగుళాలు మించితే జాగ్రత్త పడాలి. మెడ వెనుక, చంకల్లో చర్మం మందంగా నల్లబడటం ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి సంకేతం కావచ్చు. చాలామంది తల్లులు దాన్ని మట్టి అనుకుని శనగపిండి పెట్టి రుద్దుతుంటారు. మూడేళ్లు దాటిన పిల్లలకు ఏడాదికోసారి రక్తపోటు చూడాలి. పిల్లల చేతికి తగిన చిన్న పట్టీతోనే చూడాలి, పెద్దల పట్టీతో వచ్చే అంకె తప్పుదారి పట్టిస్తుంది. పదమూడేళ్లు దాటినవారిలో వేర్వేరు రోజుల్లో మూడుసార్లు 130/80 లేదా అంతకుమించి నమోదైతే వైద్యుడికి చూపించాల్సిందే.

జాబితాలోనే చోటు లేదు

ఈ పని ఎవరు చేయాలి? బడికి ఏటా ఒకసారి, అంగన్‌వాడీకి రెండుసార్లు వైద్యబృందం వెళ్లి పరీక్షించాలన్నది 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం నియమం. పుట్టుకతో వచ్చే గుండె లోపాలు, కీళ్లవాతంతో వచ్చే గుండెజబ్బు ఆ పరీక్షల్లో ఉన్నాయి. కానీ పథకం తొలినాటి 30 సమస్యల జాబితాలో పోషకాహార లోపాల కింద తీవ్ర రక్తహీనత, ఎ, డి విటమిన్ల లోపం, గాయిటర్, తీవ్ర పోషకాహార లోపమే కనిపిస్తాయి. స్థూలకాయానికి, రక్తపోటుకు చోటే లేదు. ఎత్తు, బరువు ఎలాగూ కొలుస్తున్నారు. బృందం సంచిలో ఒక కొలత టేపు, ఒక చిన్న పట్టీ చేరిస్తే అదనంగా పడే భారం స్వల్పం. ఉద్దానంలో యువకుల కిడ్నీలు దెబ్బతిన్న సంగతి చాలా ఆలస్యంగా గుర్తించిన జిల్లాకు ముందస్తు పరీక్షల విలువ ఎవరూ బోధించనక్కర్లేదు.

ఇక పొట్లాల సంగతి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలను బడి ఆవరణలోను, దాని చుట్టూ 50 మీటర్ల లోపు అమ్మరాదని ఆహార భద్రత సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. కూల్‌డ్రింకులు, వేపుడు చిప్స్ ఇందులోకే వస్తాయి. చిన్న వ్యాపారి పొట్ట కొట్టనవసరం లేదు. అదే బల్లపై వేరుశనగ చిక్కీ, ఉడికించిన సెనగలు, జామకాయలు అమ్మినా గిరాకీ ఉంటుంది. అయితే ఈ 50 మీటర్లను టేపు పట్టి కొలిచే అధికారి ముందుగా కదలాలి.