అప్పు గడువు తీరినా ముప్పు తీరదు

బ్యాంకు వర్గాల్లో బాగా పాతుకుపోయిన వాదన ఒకటుంది. వాతావరణ మార్పు దశాబ్దాల వ్యవహారమట. అప్పులేమో ఏడాదికో ఐదేళ్లకో తీరిపోతాయట. కాబట్టి ఆ ముప్పును ఇప్పుడే లెక్కగట్టనక్కర్లేదట. 2022లో లండన్‌లో హెచ్‌ఎస్‌బీసీ పెట్టుబడుల విభాగం ఉన్నతాధికారి స్టువర్ట్ కిర్క్ ఈ మాటే బాహాటంగా అన్నారు. సగటున ఆరేళ్లకు అప్పులిచ్చే బ్యాంకుకు ఏడో ఏట ఏమైతేనేం అన్నది ఆయన వాదన. దుమారం రేగి ఆయన ఉద్యోగం మానేశారు. ఆ ఆలోచన మాత్రం ఇంకా బతికే ఉంది.

ఇది తప్పుడు లెక్క. విజయవాడనే చూడండి. బుడమేరు వాగు 2005లో ముంచింది, 2024 సెప్టెంబరులో మళ్లీ ముంచింది. ఇరవై ఏళ్ల గృహరుణం ఒక్కటి తీరేలోపు రెండు వరదలు! సింగ్‌నగర్‌లో తాకట్టు పెట్టిన ఇల్లూ, వాయిదాలు కట్టడానికి ఆధారమైన దుకాణమూ, ఆటో కూడా ఒకేసారి నీళ్లపాలయ్యాయి. ఒక్కరి బాకీ మొండిపడితే బ్యాంకు తట్టుకుంటుంది. పేటంతా ఒకేసారి దెబ్బతింటే ఏ పూచీకత్తు ఆదుకుంటుంది?

పంట రుణం ఏడాదిలో తీరుతుందన్నదీ కాగితం మీది మాటే. రైతు ఏటా రెన్యువల్ చేయించుకుంటూ అదే బ్రాంచిలో, అదే పొలం మీద బాకీదారుగానే ఉంటాడు. పైగా రిజర్వు బ్యాంకు 2018 ఆదేశాలు, ప్రకృతి వైపరీత్యంలో 33 శాతం పంట పోతే గడువును రెండేళ్ల దాకా, సగం లేదా అంతకు మించి పోతే ఐదేళ్ల దాకా పొడిగించే వీలు కల్పించాయి. ఏడాది అప్పు ఐదేళ్ల అప్పయ్యేది ఆ వైపరీత్యం వల్లే కదా!

ఈ ముప్పు గురించి అడగడం బ్యాంకులకు కొత్తేమీ కాదు. ఇళ్ల వాల్యుయేషన్ ఫారాల్లో తరచూ ముంపునకు గురయ్యే అవకాశం ఉందా అన్న గడి ఉంది. లింకు డాక్యుమెంటో, ఈసీనో ఒక్కటి తగ్గితే ఫైలు వెనక్కొస్తుంది. ఈ గడిలో మాత్రం ‘లేదు’ అని రాసి వదిలేయొచ్చు. వాతావరణ ముప్పులను ఎలా ఎదుర్కొంటారో బ్యాంకులు వెల్లడించాలంటూ 2024 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ముసాయిదా తెచ్చింది. మంచిదే. అయితే ఆ లెక్క హెడ్డాఫీసు నివేదికలో ఆగిపోకుండా ఈ గడి దాకా రావాలి.

ముప్పు లెక్కగడితే లోతట్టు పేటల పేదలకు అప్పే పుట్టదని కొందరి భయం. అది న్యాయమైన భయమే. కానీ లెక్క చూడనందువల్ల వాళ్లకు ఒరిగిందేమిటి? ముంపు స్థలాన్ని పూర్తి ధరకు కొని, బురద కడుక్కుంటూ వాయిదాలు కడుతున్నది వాళ్లే. లెక్క తేలాక ఆపాల్సింది ముంపు భూముల్లో వెంచర్లు వేసేవాళ్లకిచ్చే అప్పు. అక్కడున్న కుటుంబాలకు ఇల్లు ఎత్తు పెంచుకోవడానికి అదనంగా ఇవ్వాలి. వరదొస్తే వాయిదాలు ఆపే వెసులుబాటును ముందే అగ్రిమెంటులో రాయాలి.

పాత వరద మట్టాల వివరాలు జతచేయనిదే ఏ వాల్యుయేషనూ చెల్లదని బ్యాంకులు నిబంధన పెట్టాలి. బాకీ కోసం ఇంటి గడప తొక్కే హక్కున్న బ్యాంకుకు, ఆ గడప దాకా నీళ్లొస్తాయో రావో అప్పిచ్చే ముందే చెప్పే బాధ్యత కూడా ఉంది.