గాజుతొట్టిలో చెరువుమట్టి

పోయిన మాఘమాసమున మా చిన్నది గాజుతొట్టిలో చేపలను పెంచవలెనని పట్టుబట్టగా, మావారు నరసరావుపేట బజారున నొక తొట్టిని కొనితెచ్చిరి. పెరటిలో గోంగూరకు పనికివచ్చిన మన్ను నీటిమొక్కలకేల పనికిరాదని తలచి, పేడయెరువు దండిగా గలిసిన మట్టిని అడుగున పరచితిని. నాలుగవనాటికి నీరు కషాయమువలె మారి, మురిగిన కోడిగ్రుడ్డు కంపు కొట్టెను. తెల్లవారి చూచుసరికి అయిదు చేపలును వెల్లకిల తేలియుండెను. పిల్ల రెండుదినములు నాతో పలుకలేదు. మట్టి మంచిది కాదేమో యని ఇరుగుపొరుగువారనిరి. దోషము మట్టిది గాదు, నాది.

పొలమున ఎరువునకు గాలి తగులును. నీటియడుగున మట్టిలోనికి గాలి చొరదు. పచ్చియెరువు కుళ్లుచు నీటిలోని ప్రాణవాయువును హరించి, అమోనియాను విడుచును. అది చేపలకు విషము. మితముగా నున్నచో మొక్కలకదియే ఆహారము. చేపలకును మొక్కలకును గల యీ పొత్తును 1850లో లండనునందు రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు పరీక్షించి చూపెను. ఇసుకయు బురదయు పరచిన గాజుపాత్రలో వాలిస్నేరియా యను మొక్కను నాటి, రెండు బంగారుచేపలను విడిచెను. ఆకులు కుళ్లి నీరు చెడగా నత్తలను వేసెను; అవి కుళ్లును తిని నీటిని బాగుచేసినవి. మట్టిపై ఇసుక గప్పి మొక్కలను దట్టముగా పెంచు పద్ధతిని అమెరికాకు చెందిన డయానా వాల్స్టాడు అను నామె 1999లో వెలువరించిన గ్రంథమున విపులముగా తెలిపిరి.

ఇక మన పలనాటి మట్టి సంగతి. వేసవిలో చెరువులెండినపుడు రైతులు పొలములకు తోలుకొనెడి పూడికమట్టి యీ పనికి శ్రేష్ఠము. మిరప, ప్రత్తి చేలమట్టి మాత్రము వలదు, పురుగుమందుల శేషముండును. మనది సున్నపురాతి సీమ గనుక, చిటికెడు మట్టిపై నిమ్మరసము పిండిచూడుడు. బుసబుస పొంగినచో సున్నమున్నట్లే. దానివలన నీరు కరుడుకట్టును. గప్పీచేపలకును వాలిస్నేరియాకును అది బాధకాదు గాని, కొన్ని సుకుమారపు మొక్కలు నిలువవు.

మట్టిని ఎండబెట్టి, జల్లించి, నీట కలిపి, పైకి తేలిన పుల్లలను పారబోయవలెను. ఇట్లు మూడునాలుగు మారులు చేసితిని. "చేపలను వండువారిని చూచితిని గాని చేపలకై మట్టిని వండువారిని చూడలే"దని మా అత్తగారు నవ్విరి. అంగుళము మందమున మట్టిని పరచి, దానిపై అంగుళము మందమున కడిగిన ముతక ఇసుకను కప్పవలెను. నల్లరేగడి మిక్కిలి మెత్తని మన్ను; ఇసుక పలుచనైనచో నీరెన్నటికిని తేరదు. నీటిని పళ్లెముమీద మెల్లగా పోయవలెను. కుళాయినీటిలో క్లోరిను కలిపియుందురు గనుక, ఒకదినము బిందెలో నిలువబెట్టుట మేలు. మొక్కలను మొదటిదినముననే దట్టముగా నాటి, కిటికీవెలుతురు తగులనిచ్చి, కొన్నాళ్లకొకమారు కొంతనీరు మార్చుచు, నెలదినములు చేపలను వేయక ఓపిక పట్టవలెను. ఓపిక పట్టుటయే మా యింట కష్టమైనది! అడుగుమట్టిని కెలుకరాదు.

రెండవమారు వేసిన గప్పీలు పిల్లలు పెట్టినవి. నిన్న చిన్నది లెక్కింపగా పదునాలుగు. స్నేహితురాండ్రకు పంచుటకు సీసాలు వెదకుచున్నది. మిగిలినవానిని చెరువులో విడిచెదనన్నది గాని, పరదేశపు చేపలు గనుక వలదని వారించితిని.