రూపాయల్లో చెప్పని ధర ధరే కాదు

రైతుబజారులో అడుగు పెట్టగానే ధరల బోర్డు కనిపిస్తుంది. టమాటా కిలో ఎంత, బెండకాయ ఎంత, పచ్చిమిర్చి ఎంత... పొద్దున్నే రాసి పెడతారు. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ బజార్లు మొదలైన నాటి నుంచి అమ్మే రైతుకూ, కొనే గృహిణికీ మధ్య నమ్మకాన్ని నిలబెట్టింది ఆ బోర్డే. అక్షరం ముక్క రాని అవ్వ సైతం పక్కవాళ్లను అడిగి ధర తెలుసుకుని, కొంగున ముడేసిన డబ్బుతో సరిపోతుందో లేదో చూసుకుని మరీ సంచీ చాపుతుంది. అదే ఇంట్లో డిగ్రీ చదువుతున్న మనవరాలు ఫోనులో ఏదో విదేశీ వెబ్‌సైటు తెరిస్తే మాత్రం ‘20 డాలర్లు’ అని కనిపిస్తుంది. అది ఎన్ని రూపాయలో, ఏ రోజు రేటుతో కడతారో, మధ్యలో బ్యాంకు ఎంత పట్టుకుంటుందో, పన్ను అందులో కలిసిందో లేదో చెప్పే నాథుడు ఉండడు. అంగడి ఫోనులోకి వచ్చినంత మాత్రాన అంగడి నీతి మారిపోదు. ధర కొనేవాడికి తెలిసిన డబ్బులో చెప్పాలి. చెప్పినంతే తీసుకోవాలి. భారతీయులకు అమ్మే ప్రతి ఆన్‌లైన్ దుకాణం ఈ రెంటికీ కట్టుబడేలా చట్టాన్ని సవరించాల్సిందే.

ఆ 20 డాలర్ల లెక్కే చూద్దాం. డాలరు 90 రూపాయలనుకుంటే అది 1,800. విదేశీ లావాదేవీ అన్న పేరుతో చాలా క్రెడిట్ కార్డులు 2 నుంచి 3.5 శాతం దాకా మార్పిడి రుసుము వేస్తాయి. 3.5 శాతమైతే 63 రూపాయలు. ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ కింద మరో 11 రూపాయల పైచిలుకు. దేశం బయటి సంస్థలు మనకు అమ్మే డిజిటల్ సేవలపై 2017 జులై నుంచి 18 శాతం ఐజీఎస్టీ కూడా ఉంది. దాన్ని ముందు చెప్పకుండా చివరి పేజీలో కలిపితే 20 డాలర్లు కాస్తా 23.60 అవుతాయి. అన్నీ కలిసి బిల్లు 2,200 దాటుతుంది. 1,800 అనుకుని బటన్ నొక్కిన విద్యార్థికి పడే అదనపు భారం 400 పైమాటే. ఆ విద్యార్థికి అది నెల రోజుల బస్సు ఖర్చు కావచ్చు.

కష్టం అక్కడితో తీరదు. కార్డు గీకిన రోజు రేటు వేరు, ఆ లావాదేవీ బ్యాంకు ఖాతాకెక్కే రోజు రేటు వేరు. సరకు నచ్చక వెనక్కి పంపితే తిరిగొచ్చే సొమ్మును మళ్లీ అది వెనక్కొచ్చిన రోజు రేటుతోనే లెక్కగడతారు. మార్పిడి రుసుము సాధారణంగా తిరిగి రాదు. కొన్నదీ లేదు, వాడిందీ లేదు, చేతి చమురు మాత్రం వదులుతుంది.

ఇందులో నష్టపోయేది కొనేవాడొక్కడే అనుకుంటే పొరపాటు. డాలర్లలో ధర రాసుకుని కూర్చున్న వ్యాపారి తన దుకాణం తలుపు తానే మూసుకుంటున్నాడు. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం కొత్త కార్డులు విదేశీ లావాదేవీలకు వాటంతటవే పనికిరావు. ఖాతాదారు ప్రత్యేకంగా ఆ వీలు తెరిపించుకోవాలి. మోసాలను అరికట్టడానికి అది అవసరమైన జాగ్రత్తే. కానీ పట్టణంలో, పల్లెలో కోట్ల మంది ఆ పని చేయలేదు, చేసే అవసరమూ వారికి రాలేదు. వారిలో చాలామంది చెల్లించేది యూపీఐతోనే. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే దేశంలో యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. కిళ్లీ కొట్టులో పది రూపాయలకూ క్యూఆర్ కోడ్ చూపించే దేశమిది. ఇంత పెద్ద బజారును వదిలేసి అంతర్జాతీయ కార్డున్న కొద్దిమంది కోసమే కొట్టు తెరవడం ఏ వ్యాపార సూత్రం?

ఈ సంగతి గ్రహించినవారు ముందే మారారు. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ 2015 నవంబరులో భారతీయులకు రూపాయల్లో ధరలు చూపడం మొదలుపెట్టింది. అదే ఏడాది గూగుల్ ప్లే మన దేశంలో యాప్‌ల కనీస ధరను 50 రూపాయల నుంచి 10కి దించింది. అప్పటిదాకా డాలర్లలో చందా అడిగిన ఓపెన్‌ఏఐ 2025 ఆగస్టులో చాట్‌జీపీటీ ధరలను రూపాయల్లోకి మార్చి, నెలకు 399 రూపాయల కొత్త ప్లాను తెచ్చి, యూపీఐకీ తలుపు తెరిచింది. వీటిలో ఏదీ ధర్మకార్యం కాదు. కొనేవాడు చివరి పేజీ దాకా వచ్చి, అక్కడ అంకె అర్థంకాక వెనుదిరిగితే పోయేది తమ బేరమేనని ఆ కంపెనీలకు తెలుసు.

అయితే కరెన్సీ గుర్తు మార్చినంత మాత్రాన ధర మన ధర అయిపోదు. డాలరు అంకెను నేటి రేటుతో గుణించి 1,847.63 అని పెడితే అది తర్జుమా చేసిన ధర. చూడగానే పరాయిదని తెలిసిపోతుంది. బాటా చెప్పుల డబ్బా మీద 95 పైసలతో ముగిసే ధరలు చూస్తూ పెరిగిన తరం మనది. బేరం లేని ఒకే మాటను ‘బాటా రేటు’ అనే ఊళ్లూ ఉన్నాయి. ధరకు ఒక రూపం ఉండాలి, అది ఇక్కడి జేబుకు తగ్గ కొలతలో ఉండాలి. 2016 జనవరిలో భారత్‌కు వచ్చిన నెట్‌ఫ్లిక్స్ ధరలను మొదటి రోజు నుంచీ రూపాయల్లోనే చెప్పింది. అయితే ఆ ధర నెలకు 500తో మొదలయ్యేది. అటుపై 2019లో ఫోనుకు మాత్రమే పరిమితమైన 199 రూపాయల ప్లాను తెచ్చింది. 2021 డిసెంబరులో దాన్ని 149కి తగ్గించింది. రూపాయి గుర్తు వాకిలి దాకా రప్పిస్తుందే గానీ, లోపలికి అడుగు పెట్టించేది జేబుకు తగ్గ అంకే.

తియ్యటి మాటల వెనక దాగిన మోసం మరొకటి ఉంది. కొన్ని విదేశీ సైట్లు చెల్లింపు వేళ ‘డాలర్లలో కడతారా, రూపాయల్లోనా’ అని అడుగుతాయి. రూపాయలే మేలనుకుని మనవాళ్లు అదే నొక్కుతారు. కానీ ఆ మార్పిడి చేసేది వ్యాపారి తరఫు సంస్థ. అది పెట్టే రేటులోనే దాని లాభం కలిసి ఉంటుంది. పైగా వ్యాపారి విదేశంలో నమోదై ఉంటే, లావాదేవీ రూపాయల్లోనే జరిగినా దాదాపు 1 శాతం రుసుము వేసే బ్యాంకులున్నాయి. ఇక్కడ రూపాయి గుర్తు నిజాయతీకి చిహ్నం కాదు, వల మీద చల్లిన నూకలు. అందుకే మనం అడగాల్సింది గుర్తును కాదు. తెర మీద చూపిన అంకె, ఖాతాలోంచి పోయిన అంకె ఒకటై ఉండాలి.

చట్టం ఏం చెబుతోంది? కిరాణా కొట్లో అమ్మే విదేశీ చాక్లెట్ ప్యాకెట్‌ను తిప్పి చూడండి. అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర రూపాయల్లో ముద్రించిన చీటీ అతికించి ఉంటుంది. తూనికలు కొలతల చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల ఫలమది. ప్యాకెట్ సరకుల వివరాలు ఆన్‌లైన్ అమ్మకాల్లోనూ చూపాలన్న సవరణ 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇక 2020 జులైలో నోటిఫై చేసిన ఈ-కామర్స్ నిబంధనలు డిజిటల్ ఉత్పత్తులకూ వర్తిస్తాయి. ఇక్కడ కార్యాలయం లేకున్నా క్రమం తప్పకుండా భారతీయులకు అమ్మే విదేశీ సంస్థలనూ అవి వదల్లేదు. రవాణా ఖర్చు, పన్ను సహా మొత్తం ధరను ఒకే అంకెలో చూపాలనీ, దాని విడివిడి లెక్క ఇవ్వాలనీ ఆదేశించాయి. 2023 నవంబరులో వచ్చిన మార్గదర్శకాలు కొసరు రుసుములను చివర్లో బయటపెట్టే పద్ధతిని కొనుగోలుదారును బోల్తా కొట్టించే 13 ఎత్తుగడల్లో ఒకటిగా గుర్తించి నిషేధించాయి. ఇన్ని రాసిన చేతులు ‘రూపాయల్లో’ అన్న ఒక్క మాట రాయడం మరిచాయి. ఒకే అంకె చూపాలన్నారు. అది ఏ దేశపు అంకె అన్నది చెప్పలేదు. ఓడలో దిగే చాక్లెట్‌కు ఒక ధర్మం, తీగ మీద దిగే యాప్‌కు మరో ధర్మం ఎలా కుదురుతుంది? ఆ యాప్ మీద జీఎస్టీని రూపాయల్లో లెక్కకట్టి రాబట్టుకునే సర్కారు, దాని ధరను రూపాయల్లో చెప్పించలేదా?

మారకపు రేటు నిలకడగా ఉండదు, నష్టం ఎవరు భరిస్తారన్నది కంపెనీల వాదన. దాన్ని కొట్టిపారేయలేం. 2014లో 60 దగ్గరున్న డాలరు 2025 చివరికి 90 దాటింది. ద్రవ్యోల్బణం 200 శాతం మించిన 2023లో అర్జెంటీనాలోనూ, కరెన్సీ కుంగిన తుర్కియేలోనూ స్టీమ్ స్థానిక ధరలను ఎత్తేసి నవంబరు 20 నుంచి డాలర్లలోకి మారిపోయింది. అక్కడి యువతకు చాలా ఆటలు ఒక్క రోజులో అందని ద్రాక్షలయ్యాయి. అంతటి కల్లోలం వేరు, మన రూపాయి కథ వేరు. ఏడాదికి కొన్ని శాతాలు జారే రూపాయిని పెద్ద కంపెనీ ముందస్తు మారక ఒప్పందాలతో తట్టుకోగలదు, ఆరు నెలలకోసారి ధర సవరించుకోగలదు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న విద్యార్థికి అలాంటి రక్షణ ఏదీ లేదు. మోయగలవాడు దించేసుకుని, మోయలేనివాడి నెత్తికెత్తడం న్యాయం కాదు.

ఇతరులను అడిగేటప్పుడు మన ఇల్లూ చక్కదిద్దుకోవాలి. పోచంపల్లి, మంగళగిరి, వెంకటగిరి, గద్వాల చీరలను, ఆవకాయను, పూతరేకులను ప్రవాస తెలుగువారికి ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న వ్యాపారులూ అదే తప్పు చేస్తున్నారు. కొందరు రూపాయల్లోనే ధర పెట్టి ఊరుకుంటారు. కొందరు డాలరు గుర్తు పెడతారు గానీ అది అమెరికాదో, ఆస్ట్రేలియాదో, కెనడాదో, సింగపూర్‌దో చెప్పరు. కడప, అన్నమయ్య జిల్లాల నుంచి వేల కుటుంబాలు కువైట్ బాట పట్టాయి. అక్కడి దినార్‌కు వంద కాదు, వెయ్యి ఫిల్స్. దశాంశ బిందువు తర్వాత మూడు అంకెలు చూపని సైటు అక్కడివారికి తప్పుల తడకగా తోస్తుంది. అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్లలోపు పార్సిళ్లకు ఇచ్చిన సుంకం మినహాయింపును ఎత్తేశాక, సుంకం ఎవరు కట్టాలో ముందే చెప్పకపోతే చీర ఇంటి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి రావచ్చు. సుంకం, రవాణా కలిపి కొనేవారి కరెన్సీలో ఒకే ధర చెప్పేలా చేనేత సహకార సంస్థలైన ఆప్కో, టెస్కో ముందుగా దారి చూపాలి. వాటిని చూసి చిన్నవారూ నేర్చుకుంటారు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. 2020 నిబంధనల్లోని ‘ఒకే అంకె’కు ముందు ‘రూపాయల్లో, అన్ని పన్నులు, రుసుములు కలిపి’ అన్న మాటలు చేరిస్తే చాలు. రిజర్వు బ్యాంకు వంతు ఇంకొంత ఉంది. ఐరోపా సమాఖ్యలో కార్డు లావాదేవీల్లో మార్పిడికి వేసే మొత్తం భారాన్ని ఐరోపా కేంద్ర బ్యాంకు రేటు కంటే ఎంత శాతం ఎక్కువో చెప్పాలన్న నియమం 2020 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. మన దగ్గర ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ రోజూ డాలరుకు ప్రామాణిక రేటు ప్రకటిస్తూనే ఉంది. దానికంటే ఎంత ఎక్కువ వసూలు చేస్తున్నదీ చెల్లింపునకు ముందే తెర మీద చూపాలని బ్యాంకులను, చెల్లింపు సంస్థలను ఆదేశించాలి. వెనక్కి ఇచ్చే సొమ్ము, తీసుకున్న రూపాయల కంటే తగ్గకూడదన్న నియమమూ పెట్టాలి.

బోర్డు మీది ధరకు కట్టుబడి, ఎండలో కూర్చుని టమాటాలు అమ్మే రైతుకు లేని వెసులుబాటు సముద్రాల అవతలి కంపెనీకి ఇవ్వాల్సిన అగత్యం ఈ దేశానికి లేదు. మన డబ్బు కావాలనుకునేవాడు మన డబ్బులోనే ధర చెప్పాలి.