సంచిలో వేయని చీటీ

మా చెల్లెలి కొడుకు వీడియో గేమ్ తయారు చేస్తున్నాడు. కంపెనీ అంటూ ఏమీ లేదు. వాడూ, ఇద్దరు స్నేహితులూ, అద్దెగదిలో మూడు కంప్యూటర్లూ. ఆటలో ఒక పట్నం ఉంటుందట. అందులోని జనాన్ని ఒక్కొక్కరినే కూర్చుని గీయనక్కర్లేదు. పేర్లు, ముఖాలు, వయసులు, వృత్తులు విడివిడిగా జాబితాలు రాసిపెడితే, కంప్యూటరే తలా ఒకటి తీసి మనిషిని నిలబెడుతుంది. మీట నొక్కాడు, నూరుమంది పుట్టుకొచ్చారు! సృష్టి ఇంత సులువని తెలిస్తే బ్రహ్మదేవుడు నాలుగు తలలు పెట్టుకునేవాడే కాదు.

మురిసిపోతూనే చూశాను. మగవాళ్ళలో దర్జీ, డాక్టరు, డ్రైవరు, దొంగ, పోలీసు. ఆడవాళ్ళలో టీచరు, నర్సు, గృహిణి. మళ్ళీ నొక్కించాను. మళ్ళీ టీచరు, నర్సు, గృహిణి. 50 దాటిన ఆడమనిషి ఒక్కతీ లేదు!

"ఇదేందిరా?" అంటే, "నా చేతిలో ఏముంది పెద్దమ్మా! అంతా ర్యాండమ్" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మనం తంబోలా ఆడతాం గదా. సంచిలో 90 అంకెలూ వేస్తేనే ఏదైనా రావచ్చు. 50 పైన అంకెలు అసలు వేయకుండా, రాత్రంతా సంచి కుదిపి, "మీ అదృష్టం ఇంతే" అంటే ఊరుకుంటామా? అంకె తీసే చెయ్యి గుడ్డిదే కావచ్చు. సంచి నింపిన చేతికి కళ్ళున్నాయి!

వాణ్ణి వెంటబెట్టుకుని కొమురవెల్లి వెళ్ళాను. సంక్రాంతి నుంచి ఉగాది దాకా అక్కడ మల్లన్న జాతర. ఆదివారం ఇసుక వేస్తే రాలదు. "ఇదుగో, నీ పట్నానికి కావలసిన జనం. రాసుకో" అన్నాను. టికెట్లు కొట్టిన కండక్టరమ్మ, బందోబస్తుకు వచ్చిన మహిళా కానిస్టేబులు, గాజుల దుకాణం పెట్టినావిడ, బోనం దించి ఆయాసపడుతూనే చీటీ డబ్బు వసూలు చేసుకుంటున్న ముసలమ్మ. గంటలో రెండు పేజీలు నిండాయి. సగంమంది 50 దాటినవాళ్ళే!

ఇంకో సంగతి. అక్కడ ఎవరూ ఒంటరివాళ్ళు కారు. ఎవరిని పలకరించినా ఫలానావారి కోడలు, ఫలానావారి అక్క. మల్లన్నే బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మలతో కొలువున్నాడు! వీడి పట్నంలో మాత్రం ఎవరికి ఎవరూ ఏమీ కారు.

ఒగ్గు పూజారులు నేలమీద పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో ముగ్గు వేస్తున్నారు. దాని పేరూ పట్నమే! ఏ గీత ఎక్కడ పడాలో తెలిసి వేసే పట్నం. ఆ దగ్గరి చేర్యాలలో నకాషీలు కథల పటాలు గీస్తారు. పద్మశాలీల ముందు విప్పే పటంలో మార్కండేయ పురాణం, గౌడుల ముందు విప్పేదాంట్లో గౌడ పురాణం. తమవాళ్ళు లేని పటం ముందు ఎవరు కూర్చుంటారు?

"ఇంత పని ముగ్గురం చేయగలమా?" అని సణిగాడు. పెద్దవాళ్ళదీ ఇదే పాట. 2014లో 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ'లో ఆడేందుకు స్త్రీపాత్ర ఎందుకు లేదని అడిగితే, పని రెట్టింపవుతుందన్నారు యూబీసాఫ్ట్ వారు. మరి 2006లో 'డ్వార్ఫ్ ఫోర్ట్రెస్' తెచ్చింది టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ములిద్దరే! అందులో కంప్యూటరు పుట్టించిన మరుగుజ్జులకు కూడా పెళ్ళిళ్ళు, పిల్లలు, స్నేహాలు, పగలు ఉన్నాయి. 2024లో పూర్తిరూపంలో వచ్చిన 'షాడోస్ ఆఫ్ డౌట్' కూడా చిన్న సంస్థదే. అందులో ప్రతివారికీ ఇల్లు, ఉద్యోగం, దినచర్య ఉన్నాయి. కనుక లేనిది చేతకాదు, ధ్యాస!

ఆటే గదా, ఇంత రాద్ధాంతమా అంటారేమో. మన పిల్లలు గంటల తరబడి తిరిగేది ఆ వీధుల్లోనే. అక్కడ అమ్మమ్మ వయసు మనిషి ఒక్కసారీ ఎదురుపడకపోతే, రేపు నిజం బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడ్డ అమ్మమ్మ మాత్రం వాళ్ళ కంటికి ఆనుతుందా?

తిరుగు బస్సులో వాడు జాబితాలో 'చీటీలు నడుపుట' చేర్చాడు. వయసు దగ్గర 45 కొట్టేసి 90 వేశాడు. "ముసలమ్మల నడక కొత్తగా గీయాలె పెద్దమ్మా, నెల పడుతుంది" అన్నాడు.

పట్టనీ! మీ ఇంట్లోనూ ఇలాంటి బ్రహ్మలుంటే, మీట నొక్కనిచ్చే ముందు ఆ జాబితా ఒకసారి అడిగి చూడండి.