యుద్ధమునకు మూలము చమురా?

పలనాటి యుద్ధము కోడిపందెమువలన వచ్చినదని మన యిండ్లలో నేటికిని చెప్పుకొనుచున్నారు. ఇది యర్ధసత్యము. గురజాల నలగామరాజును, మాచెర్ల మలిదేవరాజును సవతి సోదరులు. పందెమునకు ముందే రాజ్యము రెండుగా చీలియుండెను. పందెమున నోడినవారు వనవాసము ముగించి తమ భాగము నడుగగా నలగాముడు నిరాకరించెను; రాయబారియైన అలరాజు విషమునకు బలియయ్యెనని కథ చెప్పుచున్నది. పిదప కారెంపూడి రణభూమి యయ్యెను. కోడి నెపమాత్రము, కారణము అధికారదాహము.

నేటి యుద్ధములను గూర్చియు విద్యావంతులే యిట్టి పొరపాటు చేయుచున్నారు. అంతయు చమురు చేసిన చేటని నిట్టూర్చి యూరకుందురు. దీనిని మేమంగీకరింపము. చమురమ్ముకొని జీవించు నార్వే యే పొరుగుదేశముపై దండెత్తినది? పండితుడు జెఫ్ కోల్గన్ 2013లో ప్రకటించిన ‘పెట్రో అగ్రెషన్’ అను గ్రంథమున నీ చిక్కును విప్పెను. చమురొక్కటియే యుద్ధము తేదు; విప్లవముచే గద్దెనెక్కిన నాయకుని చేతికి చమురు ధనము చిక్కినప్పుడు ప్రమాదము హెచ్చునని యాతని సిద్ధాంతము. పన్నులకై ప్రజలను యాచింపనక్కరలేని ప్రభువు వారికి జవాబు చెప్పనక్కరలేదు. ఆ ధనముతో నాశ్రితులను పోషించును, ఆయుధములు కొనును, సాహసమునకు దిగును. సద్దాం హుస్సేన్ 1980లో ఇరాన్‌పైకిని, 1990లో కువైటుపైకిని సేనల నడిపెను. కువైటు బావులు ఆశపెట్టియుండవచ్చును. కాని యా యాశను యుద్ధముగా మార్చినది అడ్డుచెప్పువారు లేకపోవుటయే.

దూరదేశపు కలహము మనకేల యందురా? 1973లో అరబ్బు దేశములు చమురు నిషేధము విధింపగా కొలది మాసములలోనే వెల నాలుగింతలయ్యెను. 1990లో లక్షకు పైగా భారతీయులు కువైటు విడిచి కట్టుబట్టలతో స్వదేశమునకు చేరిరి. వారిలో తెలుగువారును గలరు. మాచెర్ల మిరపరైతు నడుగుడు: దుక్కికి డీజిలు కావలెను, పంట గుంటూరు యార్డు చేరుటకు లారీ కావలెను. అచ్చట ఫిరంగి మ్రోగిన, నిచ్చట కిరాయి పెరుగును. నిర్ణయించువాడొకడు, చెల్లించువాడు వేరొకడు.

కావున చమురును తిట్టుట వ్యర్థము. కారెంపూడిలో వీరులకు మ్రొక్కుదము. కాని పిల్లలకు ఆ కథ చెప్పు తల్లిదండ్రులు కోడి యెవరిదని గాక, రాజు నాపగలవా రెవరును లేకపోయిరేమని యడుగ నేర్పవలెను. పాలకుని లెక్క యడుగుట నేర్చిన యింటి బిడ్డలు యుద్ధమునకు నెపములను నమ్మరు.