సదరం గడప దాటలేనివాళ్లు

రెండేళ్ల వయసులో పోలియో వచ్చి నా ఎడమ కాలు పడిపోయింది. రాజుపాలెంలో బట్టలు కుట్టుకుని బతుకుతున్నా. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రం ఉంది కాబట్టి నెల మొదట్లో సచివాలయం ఉద్యోగి ఇంటికే వచ్చి 6,000 రూపాయల పింఛను చేతిలో పెట్టిపోతాడు. 2024 జూలైకి ముందు అది 3,000.

హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లో, బర్మా నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన రోహింగ్యాల్లోనూ నాలాంటివాళ్లు ఉంటారు. వాళ్ల దగ్గరున్నది ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు. సదరం పరీక్షకు స్లాటు కావాలంటే ముందు ఆధార్ అడుగుతారు. అది లేక అక్కడే ఆగిపోతారు.

మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు, సరే. వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని మాత్రం 2007లోనే ఆమోదించింది. యుద్ధాల్లో, విపత్తుల్లో చిక్కిన వికలాంగుల రక్షణ ప్రభుత్వాల బాధ్యతేనని దాని 11వ అధికరణ చెబుతోంది. 1959లోనే న్యూజిలాండ్ వికలాంగులున్న శరణార్థి కుటుంబాలను తన గడ్డమీదికి రానిచ్చింది.

‘ముందు మనోళ్ల సంగతి చూడు’ అంటాడు మా బావ. 2025లో పింఛను తీసుకుంటున్న మనవాళ్లకే వైకల్యం మళ్లీ తనిఖీ చేయించుకోమని నోటీసులు వచ్చాయి, నిజమే. ఆ కోపం ఆఫీసుల మీద చూపాలి గానీ నడవలేనివాడి మీద కాదు.

నేను అడిగేది పింఛను కూడా కాదు. శరణార్థి కార్డు చూసి వైద్య పరీక్ష చేయండి. చంకకర్రలో, మూడు చక్రాల బండో ఇవ్వండి. ఫిజియోథెరపీ ఆ బస్తీలోనే చేయించండి. వాళ్లు శరణార్థులో కాదో కోర్టుల్లో తేలేదాకా నేలమీద పాకుతూ ఉండాల్సిన పనిలేదు.