మట్టిపిట్ట ఎప్పుడు లేచినది?

2024 ఆగస్టు 4వ తేదీన ఫ్రాన్సు దేశమున షాటురూ మైదానములో ఎగురు మట్టిపిట్టలను తుపాకితో కొట్టు ఒలింపిక్ మహిళల స్కీట్ తుదిపోటీ ముగిసిన నాటినుండి, తుపాకి ఎన్నడును పట్టనివారు సైతము ఒకే మాట వల్లించుచున్నారు: మనిషి కన్నును నమ్మరాదు, కెమెరాను నిలిపి రెఫరీని ఇంటికి పంపవలెనని. స్వర్ణపతకము కొరకు చిలీ దేశీయురాలు ఫ్రాన్సిస్కా క్రొవెట్టోతో సరిసమానముగా నిలిచి, విజేతను తేల్చు అదనపు కాల్పులలో తలపడిన బ్రిటన్ క్రీడాకారిణి ఆంబర్ రట్టర్ గురి ఒకటి తప్పినదని రెఫరీ ప్రకటించెను. ఆ దృశ్యమును మెల్లగా తిప్పి చూపినప్పుడు గుండు తగిలినట్లే తోచెను. తీర్పును తిరిగి పరిశీలించు వీడియో ఏర్పాటు ఆ పోటీలో లేనందున ఆమె రజతముతో మరలవలసి వచ్చెను. కపిలేశ్వరపురము టీకొట్టు బల్లపై కూర్చుండి సెల్‌ఫోనులో ఆ దృశ్యమును చూచిన మా యువకులును ఇదే తీర్మానమునకు వచ్చిరి.

రట్టరునకు కలిగిన నష్టమును నేను కాదనను. తగిలినదా లేదా అను ప్రశ్న వచ్చినపుడు కెమెరా సాక్ష్యమును స్వీకరించుటే న్యాయము. మట్టిపిట్ట యనునది పేరునకే మట్టిది. సున్నపురాతి పొడిని కీలుతో కలిపి అచ్చుపోసిన, 11 సెంటీమీటర్ల వెడల్పును సుమారు 105 గ్రాముల బరువును గల, బోర్లించిన చిన్న మూకుడు వంటిది. దానినుండి కంటికి కనబడు తునక యొక్కటి విరిగినను తగిలినట్లే. దుమ్ము మాత్రము రేగి తునక రాలనిచో తప్పినట్లే. ఎండలో, గాలిలో, కనురెప్పపాటులో ఈ తారతమ్యము తేల్చుట మనిషికి కష్టము. ఇంతవరకు వాదము లేదు. కాని ఈ ఆటలోని న్యాయమంతయు పిట్ట విరిగిన చోటనే యున్నదనియు, కనుక కెమెరా వచ్చిన పిదప రెఫరీ వలన ప్రయోజనము లేదనియు తీర్మానించుట, కథ చివర మాత్రమే విని కర్తను దూషించుట వంటిది. పిట్ట ఎట్లు విరిగినదని అడుగుటకు ముందు అది ఎప్పుడు లేచినదని అడుగవలెను.

ఈ సంగతిని నాకు మొదట నేర్పినది గౌతమీ గట్టు. నా చిన్ననాట మేము వేసవి సెలవులలో విరిగిన పెంకుల నేరుకొని గట్టుపై చేరెడివారము. ఒకడు పెంకును నీటిమీదికి ఎగురవిసరగా మరియొకడు ఉండేలుతో దానిని కొట్టవలెను. ఆ ఆటలో జరిగిన జగడములను ఇప్పుడు తలచుకొనగా, తగిలినదా లేదా అన్న జగడము నాకు ఒక్కటియు గుర్తు రాదు, ఏలయన పెంకు పగిలిన చప్పుడు అందరికిని వినబడెడిది. "నేను ఊ అనకుండానే వేసేశావురా!" అనియు, "ఊ అన్నాక ఇంతసేపు పట్టుకుంటావేంట్రా?" అనియు పుట్టినవే మా కొట్లాటలన్నియు. విసరువాడు తన స్నేహితునకు పిలుపు వెంటనే విసరెడివాడు. పగవానికి, చేయి బిగిసి కన్ను చెదరు వరకును ఆపెడివాడు. పెంకులు ఒకటే, ఉండేలు ఒకటే. విడుదలలోనే అన్యాయమంతయు జరిగెడిది.

పెద్దల ఆటయు ఈ దోషముతోనే పుట్టినది. పూర్వము బ్రతికిన పావురములనే పెట్టెలలో నుంచి, వేటగాడు కేక వేయగానే ఒకడు త్రాడు లాగి మూత తెరచెడివాడు. నేటికిని ఆంగ్లదేశపు మైదానములలో వినవచ్చు 'పుల్' అను కేక ఆ త్రాటినుండి వచ్చినదే. 1900 సంవత్సరపు పారిస్ క్రీడలలో గూడ సజీవమైన పావురములనే కాల్చిరి. అమెరికాలో సిన్సినాటి నగరవాసి జార్జ్ లిగోస్కీ 1880లో మట్టిపిట్టను కల్పించి పక్షులను కాపాడెను గాని, త్రాడు లాగువానిని మాత్రము తొలగింపలేదు. త్రాటి స్థానమున మీట వచ్చినను దానిని నొక్కునది మనిషి బొటనవ్రేలే. కేక విని వ్రేలు కదలుటకు సెకనులో సుమారు అయిదవ వంతు పట్టును. అలసిన వ్రేలికి ఇంకను పట్టును. ఇప్పుడు కాల్చువాని యెదుట మైకు నుంచి, అతని కంఠధ్వనియే యంత్రమును విడుచునట్లు చేసినారు. ఈ మార్పును నేను మనసార మెచ్చుకొందును. అయితే ఇందువలన తగవు తీరలేదు; వ్రేలి దగ్గరనుండి మైకు దగ్గరకు జరిగినది, అంతే.

మట్టిపిట్టల ఆటలలో ట్రాప్ అను పోటీలో తుపాకిని ముందే భుజమున కానించుకొని పిలువవచ్చును. పిలుపు వెంటనే పిట్ట లేవవలెనని నియమము. స్కీట్ పోటీలో తుపాకి మడమను నడుము కడనే యుంచి పిలువవలెను. పిట్ట అప్పుడే లేవవచ్చును, లేదా 3 సెకనులలో ఎప్పుడైనను లేవవచ్చును. అది కనబడు వరకు తుపాకి కదలరాదు. ఇది జూదమని ఈసడించువారు కలరు. మా గట్టుపై విసరువాని ఆలస్యమునకును దీనికిని భేదము వారికి తోచలేదు. అతడు మనిషిని చూచి ఆపెను. యంత్రము ముఖము చూడదు. మా ఊరి హరికథా పాఠశాలలో తాళము నేర్చిన బాలికకు, దెబ్బతో పాటు ఎత్తుకొను సమగ్రహమును, దెబ్బ పడిన పిదప ఎత్తుకొను అనాగతమును తెలియును. ఎవ్వరును అనాగతమును తాళము తప్పుట యనరు. ట్రాప్ సమగ్రహము, స్కీట్ అనాగతము. పాటలో ఆ విరామమెంతయో గాయనికి ముందే తెలియును, ఇక్కడ తెలియదు. ఆ తెలియనితనములో చేతిని అదుపున నుంచుకొనుటయే పరీక్ష.

"అట్లైన పిలుపునకును విడుదలకును నడుమ కాలమును గడియారముతో కొలిచిన సరిపోవునుగదా, రెఫరీ యెందులకు?" అని ప్రతివాది అడుగవచ్చును. కొలువవలసినదే, వీడియోతో పాటు ఆ లెక్కయు భద్రపరుపవలసినదే. అయితే మైకు శబ్దమును వినును గాని పిలుపును వినదు. ప్రక్కవాని కేకకు పిట్ట లేచినను, లేచునప్పుడే విరిగి లేచినను, వేరొక దారిని పోయినను, అది చెల్లని పిట్ట యని అప్పటికప్పుడు చెప్పవలసిన వాడు ఒకడుండవలెను. ఆలస్యముగా లేచిన పిట్టను కాల్చక చేయెత్తి నిరాకరించు హక్కు ట్రాప్ క్రీడాకారునకు కలదు. ఆ నిరాకరణము న్యాయమైనదా, ధైర్యము చాలక తీసిన సాకా అని, జట్టులోని తక్కిన అయిదుగురును తమ వంతుకై నిలిచియుండగా, తరువాతివాడు పిలుచులోపల తేల్చవలెను. ఆకాశము వైపు తిరిగిన కెమెరాకు ఈ తగవు పట్టదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. హైదరాబాదు క్రీడాకారుడు కైనన్ చెనాయ్ 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ట్రాప్ కాంస్యమును, పృథ్వీరాజ్ తొండైమాన్, జొరావర్ సింగ్ సంధూలతో కలిసి జట్టు స్వర్ణమును సాధించెను. తుదిపోటీకి అర్హత పొందుటకే ఒక్కొక్కడు 125 పిట్టలను ఎదుర్కొనవలెను. అనగా 125 పిలుపులు, 125 విడుదలలు. రట్టరు ఉదంతము జరిగిన మరునాడు అదే షాటురూలో స్కీట్ మిశ్రమ జట్ల పోటీలో మహేశ్వరీ చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ నరూకా 43 కొట్టగా చైనా జంట 44 కొట్టి కాంస్యమును తీసికొనిపోయినది. ఒక్క పిట్టతో పతకము చేజారు ఆటలో, మన పిల్లలకు కాల్చుట యెంత నేర్పుదుమో, కాల్చక చేయెత్తుటయు అంత నేర్పవలెను. ఆ చేతిని చూచి తీర్పు చెప్పగల రెఫరీలను గూడ తయారుచేసికొనవలెను.

మా గట్టు జగడములు తుదకు తీరిన విధము చెప్పి ముగింతును. రేవులో పడవకు కీలు పూయుచు కూర్చుండు ముసలి సరంగు ఒకనాడు మా గోల భరింపలేక, "విసురు నచ్చకపోతే కొట్టకండర్రా, ఏట్లో పడనివ్వండి, ఇంకోటి వేస్తాడు. కొట్టారా, ఇక నోరెత్తకూడదు" అని కట్టడి చేసెను. ఆనాటినుండి ఆయనయే మాకు తీర్పరి. ఆయన తీర్పును మేమెవ్వరమును కాదనలేదు. దానికి కారణము నాకు చాల ఏండ్లకు గాని తెలియలేదు. మేమందరము ఎగిరిన పెంకు వైపు చూచుచుండగా, ఆయన మాత్రము విసరువాని చేతి వైపు చూచెడివాడు.